తల్లికి విడిచిన సాలు

నా భార్య పూలిని కరిచింది రక్తపింజర. చంపింది మాత్రం ఇన్‌స్పెక్టర్ భాస్కర్. ఆ రోజు స్టేషన్ ముందు జీపు ఖాళీగా ఉంది. డ్రైవరున్నాడు. డీజిలుంది. వాగు పొంగి అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది, జీపైతే దాటేది. భాస్కర్ జీపు ఇవ్వలేదు. ఆరేళ్లయింది. ఇందులో ఇంకొకరి అభిప్రాయం నాకు అక్కర్లేదు.

అప్పుడు నేను అతని కింద హెడ్ కానిస్టేబుల్‌ని. ఇప్పుడు రిటైరై, కొత్తగూడెంలో షాహీన్ అనే లాయరు దగ్గర పని చేస్తున్నాను. ఆమె కోర్టులో మాట్లాడుతుంది. నేను ఊళ్లు తిరిగి ఆమె మాట్లాడటానికి కావలసింది పట్టుకొస్తాను. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆమె ఫోన్ చేసింది.

"తుల్సీరాం గారూ, మీ లాలును తీసుకపోయిండ్రు. మర్డర్ కేసు."

లాలు పూలి అన్న కొడుకు. పురిట్లో తల్లి పోతే పూలి పెంచింది. మాకు పిల్లలు లేరు.

"ఎవరు తీసుకపోయిండ్రు?"

"భాస్కర్."

"కోర్టుకు?"

"నాలుగింటికి బండి తీస్తరట. అంతలోపల నా చేతికి ఏమన్న తెచ్చియ్యండి. రిమాండుకు పోయిండంటే ఇగ బెయిల్ మాట మూడు నెలల దాకా మరిచిపోవుడే."

కేసు ఇది. ములకలపల్లి దాటాక అడవి అంచున వీరన్నకు రెండెకరాల మిరప చేను ఉంది. వీరన్నది విత్తనాల దుకాణం. చేను పని పక్క గూడెంలోని పగిడయ్య చూస్తాడు. పక్క చేను మా లాలుది. నెల కింద బోరు నీళ్ల దగ్గర లాలు, వీరన్న కొట్లాడుకున్నారు. "నీ చేను ఎండబెడత" అని లాలు పదిమందిలో అన్నాడు. సోమవారం ఎవరో వీరన్న చేనుకు కలుపు మందు కొట్టారు. మంగళవారం పొద్దున పగిడయ్య చేను వెనక వాగులో శవంగా దొరికాడు, తల వెనక దెబ్బ, నడుం మీద తోలు ఊడి ఉందని షాహీన్ తెప్పించిన పంచనామాలో ఉంది. బుధవారానికి చేను మాడిపోయింది. లాలు కొట్టంలో సగం వాడిన కలుపు మందు డబ్బా దొరికింది. మందు కొడుతుంటే పగిడయ్య చూశాడు, లాలు కొట్టి చంపాడు. భాస్కర్ కథ అంతే.

మా వైపు కలుపు మందు డబ్బా లేని కొట్టం ఉండదు. కానీ ఆ మాటతో బెయిల్ రాదు.

*

పదకొండుంబావుకు చేను దగ్గర దిగాను. నేను ఫోన్ చేసి రమ్మన్న భార్గవి నాకంటే ముందే వచ్చింది. ఆమె ఆ మండలంలో వ్యవసాయ విస్తరణాధికారి. సత్తుపల్లి అమ్మాయి. తొమ్మిది ఊళ్లకు ఒక్కతే తిరుగుతుంది, అలసట ముఖంలోనే తెలుస్తోంది. సంచిలోంచి బ్లేడు, భూతద్దం, ఒక స్టీలు గ్లాసు తీసి గట్టు మీద పెట్టుకుంది.

"నేను అక్టోబర్‌లోనే వచ్చానండి. వీరన్న గారు చేనులోకి దిగనివ్వలేదు. రేపు ఇక్కడ రైతులందరికీ చూపించే కార్యక్రమం పెట్టుకున్నారు. అదిగో బోర్డు."

బోర్డు చూశాను. ఎండు తెగులును తట్టుకునే మిరప, నారుకు వీరన్నను సంప్రదించండి అని ఉంది. బోర్డు వెనక చేను చచ్చి ఉంది.

ఆకుల మీద కాలిన మచ్చలు. మందు పడ్డ ఆనవాళ్లే. అందులో అనుమానం లేదు. భాస్కర్ చూసింది కూడా అంతవరకే.

"ఒక చెట్టు కోయమ్మా," అన్నాను.

ఆమె ఒక మొక్క పీకి, కాండాన్ని వేరు నుంచి పైకి నిలువుగా చీల్చింది. లోపల గోధుమ రంగు గీతలు. వేరు దగ్గర మొదలై రెండు జానల ఎత్తు దాకా పాకాయి. ఇంకో ముక్క కోసి నీళ్ల గ్లాసులో నిలబెట్టింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. నీళ్లు తేటగానే ఉన్నాయి.

"తెల్లగా పాల తీగలాగా దిగితే బాక్టీరియా. దిగలేదు కాబట్టి ఇది శిలీంధ్రం. ఎండు తెగులు."

"మందుతోని ఈ గీతలు రావా?"

ఆమె గట్టు దాటి లాలు చేను మొదటి సాలుకు వెళ్లింది. గాలికి మందు అక్కడికీ కొట్టుకొచ్చింది. ఆకులు అలాగే కాలాయి. ఒక మొక్క చీల్చి నా ముందు పెట్టింది. లోపల ముల్లంగిలా తెల్లగా ఉంది.

"ఇది మందు ఒక్కటే తిన్న చెట్టు," అంది. "అది ముందు తెగులు, తర్వాత మందు. వీరన్న గారు నాలుగేళ్ల నుంచి మిరప మీద మిరపే వేస్తున్నారు. మట్టి నిండా అదే ఉంటుంది. లాలు పోయినేడు మొక్కజొన్న వేశాడు."

"ఈ గీత ఏంది? బూజేనా?"

"బూజు కాదండి, చెట్టు చేసిన పనే. శిలీంధ్రం వేరులోంచి దూరి, నీళ్లు పైకెక్కే సన్నటి గొట్టాల్లో పడి పాకుతుంది. చెట్టు ఊరుకోదు. అది దూరిన గొట్టంలోకి బంక వదులుతుంది, బుడిపెలు ఊదుతుంది, గోడలు మందం చేస్తుంది. గొట్టాన్ని మూసేస్తుంది."

"నీళ్ల గొట్టం మూసుకుంటే చెట్టెట్ల బతుకుతది?"

"తొందరగా తెలుసుకుని, వేరు దగ్గరే రెండు మూడు మూసేస్తే మిగతావాటితో బతుకుతుంది. కొన్ని రకాలకు ఆ తెలివి ఉంటుంది. ఇది ఆలస్యంగా తెలుసుకుంది. అది పాకుతూనే ఉంది, ఇది మూసుకుంటూనే పోయింది. చివరికి అన్నీ మూసుకుని, తడి మట్టిలో నిలబడి, దాహంతో చచ్చింది."

నేను ఆ కాండాన్ని కాసేపు చేతిలో పట్టుకున్నాను. తర్వాత అడగవలసింది అడిగాను.

"రెండు జానలు ఎక్కడానికి ఎన్ని రోజులు?"

"మూడు వారాలకు తక్కువ కాదు."

"రాసిస్తవా?"

"రాసి సంతకం పెట్టి స్టాంపు వేసిస్తాను."

అంటే సోమవారం మందు కొట్టిన చేను అప్పటికే చావుకు దగ్గరలో ఉంది. చస్తున్న చేనును చంపడానికి పగవాడు పనిగట్టుకుని రాడు. దాని చావుకు వేరే పేరు పెట్టాలనుకున్నవాడే మందు కొట్టిస్తాడు.

చివరన తూర్పు గట్టు పక్కన ఒక్క సాలు పచ్చగా ఉంది. ముప్పై మొక్కలు. చిన్న కాయ, పైకి చూసే కాయ. నాటు రకం. భార్గవి ఒకటి చీల్చింది. వేరు మొదట్లో గోరంత గోధుమ మచ్చ. అక్కడితో ఆగిపోయింది. పైన అంతా తెలుపు.

"దీనికీ తగిలింది," అంది. "ఇది కింద తలుపేసుకుంది."

నేను చూస్తున్నది ఆకుల్ని. ఆ సాలులో ఒక్క ఆకు మీద కూడా మందు మచ్చ లేదు. దాని పక్క సాలులో మొక్కలకు పడమటి వైపు ఆకులు కాలాయి, తూర్పు వైపు కాలలేదు. రెండు సాళ్ల మధ్య గడ్డి తాడు పట్టి గీసినట్టు ఒక గీత దగ్గర ఆగి మాడింది. వంగి చూశాను. ఆ గీత వెంబడి మూడు అడుగులకొకటి నేలలో కర్ర గుచ్చిన గుంటలు. ఒక గుంట దగ్గర గోనె పీచు అతుక్కుని ఉంది.

ఎవరో రెండు కర్రలకు గోనెపట్టా కట్టి, అడ్డం నిలబెట్టి, మూడు అడుగులు మందు కొట్టి, వీపు మీది మందు ట్యాంకు దించి, పట్టా జరిపి, మళ్లీ ఎత్తుకుని కొట్టారు. సాలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా.

అప్పుడు జీపు వచ్చి ఆగింది.

*

భాస్కర్ దిగాడు. వెనక వీరన్న. భాస్కర్ లావెక్కాడు, జుట్టు తగ్గింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఏంది తుల్సీరాం, రిటైరైనంక వ్యవసాయం పెట్టినవా?"

"మీరు పోలీసు పని చేస్తలేరు గద సార్. ఎవరన్న చెయ్యాలె."

వీరన్న ముందుకొచ్చాడు. "ఈ మేడంను ఎవరు దిగమన్నరు నా చేన్ల? సార్, చూడుండ్రి, సాక్ష్యం పీకుతున్నరు."

"పీకింది నాలుగు మొక్కలు," అన్నాను. "వీరన్నా, నీ చేనుకు మూడు వారాల నుంచి తెగులుంది. నీకెరుక లేదా?"

"తెగులు రాని రకం అది."

"బోర్డు మీద."

అతని ముఖం మారింది. భాస్కర్ నా చేతిలోని కాండం తీసుకుని, ఒకసారి చూసి, గట్టు మీద పడేశాడు. "తెగులుంటే ఉండనీ. తెగులున్న చేనుకు లాలు మందు కొట్టొద్దని రూలున్నదా? పంట చచ్చేటట్టున్నదని వానికెట్ల తెలుస్తది? తిట్టుకున్నడు, వచ్చిండు, కొట్టిండు."

అది నిజమే. భాస్కర్ మూర్ఖుడు కాదు. అతనితో ఉన్న బాధే అది.

"ఎన్ని గంటలకు కొట్టిండు?"

"నాలుగు దాటినంక. లాలు ఆ టైంల చేన్ల ఉన్నట్టు సాక్ష్యం ఉన్నది. జల్దీ జల్దీ కొట్టి పోతుంటే పగిడయ్య చూసిండు."

"జల్దీ కొట్టినోడు ఈ సాలును ఎట్ల విడిచిండు?"

"మందు అయిపోయి ఉంటది," వీరన్న అన్నాడు.

నేను గుంటలు చూపించాను. గడ్డి గీత చూపించాను. "మూడడుగులకొకపారి ట్యాంకు దించి పట్టా జరిపిండు. ఈ ఒక్క సాలు కాడనే గంట పట్టి ఉంటది. పగోని చేన్ల దొంగతనంగ మందు కొట్టేటోడు ముప్పై చెట్లకు గొడుగు పడతడా సార్?"

భాస్కర్ వంగలేదు. కానీ గుంటల వైపు చూశాడు. లెక్కపెట్టాడని నాకు తెలుసు. అతని దగ్గర పన్నెండేళ్లు పని చేశాను.

"చెట్టొచ్చి కోర్టుల నిలబడి చెప్పదు తుల్సీరాం. మనిషిని తీసుకరా. నాలుగింటికి బండి తీస్త."

జీపెక్కబోతూ వెనక్కి తిరిగాడు. "అక్కడక్కడ ఇంకా నా మీద చెప్పుకుంట తిరుగుతున్నవట."

"జరిగిందే చెప్తున్న."

అతను జీపెక్కి తలుపేసుకున్నాడు. వీరన్న జీపెక్కలేదు. కొంచెం దూరంలో నిలబడి ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. ఎవరూ ఎత్తినట్టు లేదు.

*

గూడెం అక్కడికి పదిహేను నిమిషాల నడక. పగిడయ్య భార్య భీమక్క పాక ముందు కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయిన మనిషి. పక్కన ఇప్ప నూనె సీసా ఉంది, అడుగున కొద్దిగా మిగిలింది.

నేను లాలు మామనని ముందే చెప్పాను. దాచి అడిగే అలవాటు నాకు లేదు.

"అయితే నా కాడికెందుకొచ్చినవ్?" అంది.

"ఒక్కటి అడుగుత. చేన్ల తూర్పు గట్టు పక్క సాలు ఎవరిది?"

ఆమె తల ఎత్తింది. "అది తల్లిది. ముత్యాలమ్మకు విడిచిన సాలు. మా ఇంటి విత్తనం. ఎవరి చేన్ల పని చేసినా ఒక సాలు తల్లికి పెడతం. కొత్త పండుగ చేసి ఆమెకు పెట్టినంకనే మేం ముడతం."

"దాని మీద గుర్తేమన్న పెడతరా?"

"ఎందుకు? పెట్టినోళ్లకు ఎరుకే గద."

"వీరన్నకు ఎరుకనా?"

"ఆయన చేన్లకు దిగుతడా? గట్టు మీదనే చెప్పులు ఇడవడు."

"లాలుకు?"

"ఆ లంబాడీ పిలగానికి మా తల్లి సంగతేమెరుక."

చెప్పేశాక ఏం చెప్పిందో ఆమెకు అర్థమైంది. నోరు మూసుకుంది.

నేను తొందరపడలేదు. స్టేషన్‌లో ముప్పై ఏళ్లు జనాన్ని అడిగాను. గట్టిగా అడిగితే అబద్ధం వస్తుంది. ఊరుకుంటే నిజం వస్తుంది, కొంచెం ఆలస్యంగా. కానీ ఆ రోజు నా దగ్గర ఆలస్యం లేదు. ఒంటిగంటన్నర అయింది.

"పగిడయ్య నడుం మీద తోలు ఊడింది," అన్నాను. "వాగులకు ఈడ్చినప్పుడు గీరుకపోయిందని పోలీసులు రాసిండ్రు. ఈడిస్తే వీపంత గీతలు పడాలె. పడలేదు. నడుం మీద బెత్తెడంత జాగల మాత్రమే ఊడింది. కారే ట్యాంకు వీపుకు కట్టుకుంటే గక్కడనే తడుస్తది. మందుకు తోలు కాలుతది. నువ్వు ఇప్ప నూనె రాసినవ్."

ఆమె సీసా తీసి కొంగు కింద పెట్టుకుంది.

"భీమక్కా. మందు కొట్టింది మీ ఆయననే."

"నేను చెప్ప."

"ఎందుకు?"

"చెప్తే నా మొగుడు పంటకు ఇసం పోసినోడయితడు. పంట మీద చెయ్యి చేసుకున్నోడు సస్తే ఆని పేరు మీద మా గూడెంల రాయి పాతరు. సచ్చినోనికి ఆ పేరు పెట్టుమంటవా?"

"చెప్పకపోతే బతికున్నోడు జైలుకు పోతడు."

"నీ లాలు పోతే నాలుగొద్దులకొస్తడు. ఈనకు ఆ పేరు ఎప్పటికుంటది."

ఒక కోడి వచ్చి సీసా ఉన్న చోట నేల పొడిచి పోయింది.

"ఆఖరుకు ఏమన్నడు?" అడిగాను. "ఇంట్లకెళ్లి పోయేటప్పుడు."

సీసాను కొంగులో చుట్టుకుంటూ చెప్పింది. "ఫోన్ల అన్నడు. నాతోని గాదు. 'మందు కొట్టమన్నవ్, కొట్టిన. ఆ పిలగాని పేరు మాత్రం నేను చెప్ప' అన్నడు."

"ఏ పిలగాడు?"

ఆమె నా వైపు చూసింది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"ఆయన ప్రాణం మీదికొచ్చినా చెప్పనన్న పేరు అది," అన్నాను. "నువ్వు గిట్ల నోరు మూసుకొని ఆ పేరే చెప్తున్నవ్."

నేను మంచి మాట అనలేదు. మెత్తటి మాట వెతికే తీరిక లేదు. ఆమె కొంగు తీసి ముఖం తుడుచుకుంది. తర్వాత ఆగకుండా చెప్పింది.

సోమవారం పన్నెండింటికి వీరన్న బండి మీద ట్యాంకు, డబ్బా తెచ్చాడు. ట్యాంకు అతని దుకాణంలో కిరాయికిచ్చేది. ఏడో నంబరు, ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. చేను ఎలాగూ పోయింది, తెగులని తెలిస్తే నారు కొన్న రైతులు నన్ను బతకనియ్యరు, మందు కొట్టి పో, నీకు సంబంధం లేదు అన్నాడు. పగిడయ్య కొట్టాడు. తల్లి సాలు మీద పడకుండా పట్టా అడ్డం పెట్టుకున్నాడు. ఐదింటికి నడుం మండుతోందని ఇంటికొచ్చాడు. ఆమె నూనె రాసింది. ఆఖరి బస్సు పోగానే ఫోన్ వచ్చింది. లాలు కొట్టగా చూశానని పోలీసులకు చెప్పమని వీరన్న అడిగాడు. పగిడయ్య చెప్పనన్నాడు. చేను కాడికి రా, మాట్లాడుకుందాం అన్నాడు వీరన్న. పోయినవాడు రాలేదు.

"బస్సు ఎన్నింటికి పోతది?"

"ఆరు నలభైకి."

"స్టేషన్‌కు వస్తవా?"

ఆమె లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. "వస్త. తల్లికి సాలు ఇడిచిండని కూడ రాస్తరా?"

"రాస్తరు."

"అయితే పద."

*

స్టేషన్ చేరేసరికి రెండూ యాభై. భాస్కర్ ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. భార్గవి రాసిచ్చిన కాగితం చదివాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత ఫైలు తెరిచి పగిడయ్య ఫోన్ కాల్స్ జాబితా తీశాడు. ఆరు నలభై రెండుకు వీరన్న నంబరు. ఆ జాబితా బుధవారం నుంచి అతని దగ్గరే ఉంది.

"యజమాని పాలేరుకు ఫోన్ చేస్తే ఏమనుకుంటం," అన్నాడు. నాకు చెప్పినట్టు లేదు.

కానిస్టేబుల్‌ను దుకాణానికి పంపాడు. ఇరవై నిమిషాల్లో ఫోన్ వచ్చింది. భాస్కర్ స్పీకరు పెట్టాడు.

"సార్, ఏడో నంబరు ట్యాంకు వెనక గదిల దొరికింది. అడుగుకు కొత్త వాషర్ ఏసిండ్రు. ట్యాంకుకు కట్టుకునే పట్టీకి మందు మరకున్నది."

"వీరన్న?"

"దుకాణంల లేడు సార్. ఫోన్ బంద్ ఉన్నది. దమ్మపేట దిక్కు పోయిండని పక్క షాపాయన చెప్పిండు."

దమ్మపేట దాటితే ఆంధ్ర. భాస్కర్ రెండు నంబర్లకు ఫోన్ చేసి చెక్‌పోస్టు దగ్గర ఆపమన్నాడు. తర్వాత భీమక్కను బయట కూర్చోబెట్టమని చెప్పి తలుపు దగ్గరకు వేశాడు. మేమిద్దరం మిగిలాం. ఆరేళ్లలో ఒకే గదిలో ఉండటం అదే మొదటిసారి.

"లాలును ఇడిచిపెట్టుండ్రి," అన్నాను.

"ఇడిచిపెట్టుడంటే ఏందో తెలుసు గద. నేను తప్పు మనిషిని పట్టిన అని పైకి రాయాలె. ఫోన్ లిస్టు చేతుల పెట్టుకొని చూడలేదని రాయాలె."

"రాయుండ్రి."

"రాస్త." అతను కుర్చీలో వెనక్కి వాలాడు. అలసిపోయిన మనిషిలా ఉన్నాడు. "కానీ పద్దెనిమిదో తారీఖు నా మీద ఎంక్వైరీ ఉన్నది. నీ పిటిషన్. ఆరేళ్ల కిందిది, ఇప్పుడు లేపిండ్రు. అది అక్కడ పడి ఉండంగ నేను ఇంకో తప్పు ఒప్పుకుంటే నా నౌకరి ఉండదు. నాకిద్దరు ఆడపిల్లలు. ఉన్నదున్నట్టు చెప్తున్న. నువ్వు ఆ పిటిషన్ వాపస్ తీసుకో. నేను లాలు రిపోర్టు ఇప్పుడే రాస్త."

"లేకపోతే?"

"లేకపోతే బండి నాలుగింటికి పోతది. నీ సాక్ష్యాలన్నీ మీ షాహీన్ మేడం కోర్టుల పెడుతది. మూడు నెలలకో నాలుగు నెలలకో లాలు బయటికొస్తడు. వీరన్న దొరుకుతడో లేదో."

కిటికీలోంచి వ్యాను కనిపిస్తోంది. వెనక సీట్లో లాలు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసి పూలి ముందు అలాగే కూర్చునేవాడు. ఈసారి ఏ తప్పూ చేయలేదు.

"ఏం రాయాలె?"

భాస్కర్ తెల్ల కాగితం జరిపాడు. "జరిగింది రాయి. ఆ దినం నువ్వు నన్ను జీపు అడిగినవా, అడగలేదా. ఒక్క లైను."

నేను కలం ముట్టుకోలేదు.

"నీ పిటిషన్ నాకు నోటికొచ్చు తుల్సీరాం. పదకొండు నలభైకి తండా నుంచి ఫోన్ వచ్చిందని రాసినవ్. ఒంటిగంట పది బస్సెక్కినని రాసినవ్. స్టేషన్‌కెళ్లి బస్టాండు ఐదు నిమిషాలు. మధ్యల గంటన్నర ఏడబోయిందో రాయలేదు. ఏ కేసులోనైనా ఐదు నిమిషాలు తప్పితే పట్టుకునేటోనివి."

ఫ్యాను చప్పుడు చేస్తోంది. ఆ ఫ్యాను అప్పుడూ అలాగే చప్పుడు చేసేది.

"ఆ దినం సెంట్రీ డ్యూటీ హమీద్‌ది. అడిగిన. నువ్వు నా గది బయట బెంచీ మీద కూసున్నవన్నడు. తలుపు తెరిచే ఉండె. నేను లోపల్నే ఉన్న." భాస్కర్ గొంతు తగ్గింది. "అంతకు వారం కింద రోల్‌కాల్‌ల అందరి ముందు నిన్నొక మాట అన్న. సెలవు అడిగితే అన్న. అనొద్దుండె. ఇగ ఈయనను ఏదీ అడగనని నువ్వు పట్టు పట్టినవో, ఇంకేమన్ననో నాకు తెల్వదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ దినం నా ముందుకు ఎవరూ రాలేదు. మూడో రోజు తెలిసింది నాకు."

గోడ గడియారం మూడూ నలభై రెండు చూపిస్తోంది. బయట డ్రైవరు వ్యాను ఇంజను స్టార్ట్ చేశాడు.

కాగితం దగ్గరకు లాక్కున్నాను. ఒక్క లైను, జరిగింది జరిగినట్టు రాశాను. కింద సంతకం పెట్టి, తారీఖు వేసి, టైము కూడా వేశాను. అలవాటు. మళ్లీ చదవకుండా అతని వైపు జరిపాను. అతను చదివి, మడతపెట్టి, జేబులో పెట్టుకున్నాడు. గెలిచినవాడిలా ఏమీ లేడు. బెల్లు కొట్టి వ్యాను ఆపమన్నాడు.

రిపోర్టు నా ముందే రాశాడు. మందు కొట్టించింది, కొట్టింది, చంపింది వరుసగా. పగిడయ్య దేవతకు విడిచిన సాలును కాపాడిన సంగతి రాస్తున్నాడా అని అడిగాను. కాగితం తిప్పి చూపించాడు. మూడో పేరాలో ఉంది. బయటికెళ్లి భీమక్కకు చెప్పాను. తలూపింది.

నాలుగున్నరకు దమ్మపేట చెక్‌పోస్టు నుంచి ఫోన్ వచ్చింది. వీరన్న బండి దొరికింది. వీరన్న దొరకలేదు. భీమక్కను ఒంటరిగా గూడెం పంపొద్దని భాస్కర్ ఇద్దరు కానిస్టేబుళ్లను జీపిచ్చి తోడు పంపాడు. ఆమె జీపెక్కుతుంటే నేను మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాను.

లాలు నా బండి నడిపాడు. నేను వెనక కూర్చున్నాను. ఊరు దాటాక వాడు కొంచెం తల తిప్పాడు.

"మామా, హమీద్ సాబ్ ఏందో అన్నడు. నా కోసం నువ్వేదో కాగితం రాసిచ్చినవట. అత్త సంగతట."

"ముందుకు చూసి నడుపు."

"ఏం రాసినవ్ మామా?"

"లారీ వస్తంది."

లారీ పోయింది. వాడు మళ్లీ అడిగాడు. అడిగే హక్కు వాడికి ఉంది. ఆమె వాడినే కదా పెంచింది.

నేను చెప్పలేదు. ఆ కాగితంలో ఏముందో భాస్కర్‌కు తెలుసు, నాకు తెలుసు. జీపు సంగతి ఆరేళ్లుగా టీ కొట్టు దగ్గర చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, చావులకు పోయి అక్కడా చెప్పాను. ఇందాక మీకూ చెప్పాను. ఇక ఎవరికీ చెప్పను.